మీ రక్తమే మీకు మందా?

వడ్లమూడి నుంచి పేరు రాయని ఒక పాఠకుడు పంపిన ఉత్తరం:

"డాక్టరు గారికి నమస్కారములు. నా వయస్సు 47. వ్యవసాయం, పాడి వున్నాయి. ఆరేళ్ళుగా షుగరు వుంది. ఏడాదిగా అంగం సరిగా గట్టిపడటం లేదు. ఫోనులో ప్రకటన చూసి పట్నంలో ఒక క్లినిక్కుకి వెళ్ళాను. నా చేతి నుంచే రక్తం తీసి, యంత్రంలో తిప్పి, పైన తేరిన పసుపుపచ్చని ద్రవాన్ని అంగంలోకి ఇంజక్షను చేశారు. ఇది జరిగి పన్నెండు రోజులయింది. కమిలిన మచ్చ, కొద్దిగా నొప్పి ఇంకా వున్నాయి. మరో రెండుసార్లు చేయించుకుంటేనే గుణం కనిపిస్తుందన్నారు. మొదటిదానికే ఒక గేదెను అమ్మాను. ఇంట్లో ఆవిడకు ఈ సంగతి తెలియదు. షుగరు బిళ్ళల వల్లే ఈ బలహీనత వచ్చిందని ఒకాయన చెబితే రెండు నెలలుగా అవి మానేశాను. ఈ మధ్య మేడమెట్లు ఎక్కితే ఛాతీ పట్టేసినట్టుంటోంది, వయస్సు వల్ల కాబోలు. నొప్పి ఎన్నాళ్ళకు తగ్గుతుంది? ఎప్పటినుంచి భార్యతో కలవవచ్చు? మిగతా రెండు ఇంజక్షన్లూ చేయించుకోమంటారా?"

జవాబు: మీరు మూడు ప్రశ్నలు అడిగారు. నాలుగోది అడగవలసి వుండి కూడా అడగలేదు. అది ఛాతీ గురించి. షుగరు వున్న మనిషికి 47 ఏళ్ళకు మెట్లెక్కితే ఛాతీ పట్టేయటం వయస్సు వల్ల వచ్చేది కాదు. గుండెకు రక్తం చాలటం లేదేమో చూడాలి. మీరు కవరు మీద చిరునామా రాశారు గనుక ఉత్తరం అందిన రోజునే మీకు విడిగా జాబు రాశాను. వెంటనే ఆసుపత్రికి వెళ్ళి ఇ.సి.జి. తీయించుకోమనీ, కూర్చున్నప్పుడు కూడా నొప్పి వస్తే, చెమటలు పడితే ఆలస్యం చేయకుండా 108కి ఫోను చేయమనీ అందులో రాశాను. ఈ ఇంజక్షను చేయించుకున్నవారూ, చేయించుకోవాలనుకుంటున్నవారూ మన జిల్లాల్లో ఇంకా చాలామంది వున్నారు. వారి కోసం మిగతా సంగతులు ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ఈ ఇంజక్షను అంటే ఏమిటి?

దీన్ని పి.ఆర్.పి. అంటారు. ప్లేట్‌లెట్లు ఎక్కువగా వున్న ప్లాస్మా అని అర్థం. వడ్లమూడివారికి డెయిరీ ఇంటి ముందరి సంగతి. పాలను యంత్రంలో గిర్రున తిప్పితే తేలికగా వుండే వెన్న ఒకవైపుకీ, బరువైన పాలు ఒకవైపుకీ విడిపోతాయి. రక్తమూ అంతే. గొట్టంలో పోసి వేగంగా తిప్పితే బరువైన ఎర్రకణాలు అడుగుకు చేరతాయి. పైన పసుపుపచ్చని ప్లాస్మా నిలుస్తుంది. ప్లేట్‌లెట్లు ఎక్కువగా వున్న భాగాన్ని వేరుచేసి సూదిలోకి తీసుకుంటారు.

ప్లేట్‌లెట్లు అనగానే మనకు డెంగ్యూ జ్వరం గుర్తుకు వస్తుంది. మామూలుగా ఒక ఘనపు మిల్లీమీటరు రక్తంలో ఇవి లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల వరకు వుంటాయి. దెబ్బ తగిలినచోట రక్తం గడ్డకట్టించటం వీటి పని. ఆ పనిలో కొన్ని పదార్థాలను విడుదల చేస్తాయి. అవి కొత్త రక్తనాళాలు పుట్టటానికీ, గాయం మానటానికీ తోడ్పడతాయి. ఈ కారణం చేతనే మోకాళ్ళ నొప్పులకూ, జుట్టు రాలటానికీ ఈ ద్రవాన్ని ఇస్తున్నారు. అంగంలోని రక్తనాళాలు దెబ్బతిన్నప్పుడు అక్కడ కూడా ఇది పనిచేస్తుందేమో అన్నది ఆలోచన. ఆలోచన బాగానే వుంది. ఆలోచన వేరు, రుజువు వేరు. ఆ సంగతి తరువాత చెబుతాను.

చేయించుకున్నాక జాగ్రత్తలు

ఇంజక్షను చేసినచోట నొప్పి, కొద్దిపాటి వాపు, సూది గుచ్చినచోట రక్తపు చుక్క, కమిలిన మచ్చ రావటం మామూలే. నొప్పి, వాపు రెండు మూడు రోజుల్లో తగ్గుముఖం పట్టాలి. కమిలిన మచ్చ మాత్రం మోకాలికి దెబ్బ తగిలినప్పటిలాగే నీలం నుంచి ఆకుపచ్చకూ, ఆకుపచ్చ నుంచి పసుపుకూ మారుతూ వారం నుంచి రెండు వారాల్లో మాయమవుతుంది. రోజురోజుకూ తగ్గుతోందా, పెరుగుతోందా అన్నదే మీరు గమనించవలసింది. పన్నెండు రోజులయినా నొప్పి అలాగే వుందంటే, పైగా షుగరు మందులు మానేసిన ఒళ్ళు గనుక, ఒకసారి డాక్టరుకు చూపించుకోవాలి.

ఆ రోజూ మర్నాడూ బరువులెత్తకండి. సైకిలు, మోటారుసైకిలు మూడు నాలుగు రోజులు మానండి. గతుకుల రోడ్డు మీద సీటు వత్తిడి తగిలితే వాపు పెరుగుతుంది. బిగుతు ప్యాంటు వద్దు, లుంగీ హాయి. స్నానం చేయవచ్చు. సబ్బునీళ్ళతో మెల్లగా కడిగి తడి లేకుండా అద్దుకోండి. చెరువులో, కాలవలో దిగవద్దు. ఐసు పెట్టదలచుకుంటే గుడ్డలో చుట్టి పది నిమిషాలు పెట్టండి. నేరుగా పెడితే చర్మం చెడుతుంది. కాపడం పెట్టవద్దు. పసుపు, సున్నం, తైలాలు, జండూ బామ్ లాంటివి అసలే రాయవద్దు.

నొప్పికి పారాసిటమాల్ చాలు. ఇతర నొప్పిబిళ్ళలు రక్తస్రావాన్ని పెంచవచ్చు. అయితే గుండెజబ్బుకు రోజూ యాస్పిరిన్ గానీ, రక్తం పలుచబడే మందులు గానీ వాడేవారు వాటిని సొంతంగా మానకూడదు. అసలు అలాంటివారు ఇంజక్షనుకు ముందే ఆ సంగతి డాక్టరుకు చెప్పి తీరాలి.

ఇక చాలామంది అడగటానికి సిగ్గుపడే ప్రశ్న, భార్యతో ఎప్పుడు కలవవచ్చు అన్నది. దీనికి ప్రపంచమంతా ఒప్పుకున్న లెక్క ఏదీ లేదు. కొందరు ఒకటి రెండు రోజులంటారు, కొందరు వారమంటారు. నొప్పి, వాపు పూర్తిగా తగ్గి, సూది గుచ్చిన చోట్లు మానేదాకా ఆగమని నా సలహా. మామూలుగా వారం సరిపోతుంది. హస్తప్రయోగానికీ ఇదే లెక్క. మూడో రోజు నుంచే "పనిచేస్తోందా లేదా" అని పరీక్షించుకోవటం ఇంకో పొరపాటు. ఆ ఆదుర్దాయే స్తంభనను చెడగొడుతుంది. కొన్ని క్లినిక్కులు గాలి తీసే పంపు ఇచ్చి పంపుతాయి. కమిలిన మచ్చ వుండగా దాన్ని వాడవద్దు.

ఆలస్యం చేయకూడని లక్షణాలు

కింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారేదాకా ఆగవద్దు:

1. అంగం గట్టిపడి నాలుగు గంటలు దాటినా తగ్గకపోవటం. ఈ ప్లాస్మా ఒక్కదానివల్ల ఇది అరుదు. దానితో కలిపి వేరే మందు ఇచ్చినా, బిళ్ళలు ఎక్కువ వేసుకున్నా రావచ్చు. ఆలస్యమైతే లోపలి కండరం శాశ్వతంగా దెబ్బతింటుంది.

2. జ్వరం, చలి, చీము, ఎర్రబడి వేడిగా వుండటం, రోజురోజుకూ పెరిగే నొప్పి.

3. వాపు చూస్తూండగానే పెరగటం, చర్మం నల్లబడటం.

4. మూత్రం ఆగిపోవటం, మూత్రనాళం నుంచి రక్తం రావటం.

5. ఇంజక్షను చేసిన వెంటనే ఒళ్ళంతా దద్దుర్లు, ఆయాసం. ఇది మత్తుమందు పడకపోవటం వల్ల కావచ్చు.

వారాల తరువాత అంగంలో గట్టి గడ్డలా తగిలినా, స్తంభన సమయంలో ఒకవైపుకు వంకర తిరిగినా మూత్రావయవాల నిపుణునికి చూపించాలి. గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో ఆ విభాగం వుంది. అక్కడి డాక్టర్లు ఇలాంటివి ఎన్నో చూసినవారే. సిగ్గుపడి ఇంట్లో కూర్చుంటే నష్టం మీకే.

సూది కొత్తదేనా?

రక్తం మీదే అయినా, సూది, గొట్టం మరొకరివి అయితే ప్రమాదమే. అమెరికాలో న్యూమెక్సికో రాష్ట్రంలో ఒక సౌందర్యశాలలో మొహానికి ఇదే ప్లాస్మా చికిత్స చేయించుకున్న స్త్రీలకు హెచ్.ఐ.వి. సోకింది. 2018లో ఆ శాలను మూసివేశారు. 2024లో అక్కడి కేంద్ర ఆరోగ్య సంస్థ ఆ వివరాలు ప్రకటించింది. ఒకరికి వాడి పారవేయవలసిన సామగ్రిని మళ్ళీ వాడటం, రక్తం గొట్టాలకు సరైన గుర్తులు లేకపోవటం లాంటి లోపాలు అక్కడ బయటపడ్డాయి.

కాబట్టి సీలు వున్న సూది, గొట్టం మీ కళ్ళెదుట విప్పాలి. గొట్టం మీద మీ పేరు రాయాలి. మీకు ఆ విషయంలో అనుమానం వుంటే హెచ్.ఐ.వి., హెపటైటిస్ బి, సి పరీక్షలు ఇప్పుడొకసారి, మూడు నెలలు నిండాక మరొకసారి చేయించుకోండి. హెపటైటిస్‌కు ఆరు నెలలకు కూడా చేయించటం మంచిది. హెచ్.ఐ.వి. పరీక్ష ప్రభుత్వ ఆసుపత్రుల్లోని ఐ.సి.టి.సి. కేంద్రాల్లో ఉచితం. వివరాలు గోప్యంగా వుంచుతారు. పరీక్షలు పూర్తయ్యేదాకా నిరోధ్ వాడి భార్యను కాపాడండి. అనుమానం వచ్చి మూడు రోజులు దాటకపోతే నివారణ మందులు కూడా వున్నాయి. వెంటనే వెళ్ళాలి.

అసలు ఇది పనిచేస్తుందా?

రెండు పరిశోధనలు చెబుతాను. గ్రీసు దేశంలో థెస్సలోనికీ నగరంలో 60 మంది మీద చేసిన పరిశోధన 2021లో అచ్చయింది. సగం మందికి ప్లాస్మా, సగం మందికి ఉత్తి సెలైను నెల తేడాతో రెండుసార్లు ఇచ్చారు. ఎవరికి ఏది ఇచ్చారో వారికి చెప్పలేదు. ఆరు నెలలకు ప్లాస్మా తీసుకున్నవారిలో నూటికి 69 మందికీ, సెలైను తీసుకున్నవారిలో నూటికి 27 మందికీ మెరుగు కనిపించింది. ఇంతవరకు చదివితే ఆశ కలుగుతుంది.

అమెరికాలో మయామీ విశ్వవిద్యాలయంవారు 61 మంది మీద అలాగే చేసి 2023లో ఫలితాలు ప్రకటించారు. నెల తరువాత ప్లాస్మావారిలో నూటికి 58 మందికీ, ఉత్తి ఇంజక్షను తీసుకున్నవారిలో నూటికి 54 మందికీ మెరుగు కనిపించింది. అంటే దాదాపు తేడా లేదన్నమాట. మందు లేని సూదితోనే సగం మందికి పైగా బాగుందనిపించిందంటే స్తంభనలో మనస్సు పాత్ర ఎంతో చూడండి. "ఫలానా ఆయనకు గుణం కనిపించింది" అని ఎవరన్నా చెబితే ఆయన అబద్ధం చెబుతున్నాడని కాదు. ఆ గుణం ప్లాస్మాదేనా అన్నదే ప్రశ్న.

ఈ రెండు పరిశోధనల్లోనూ పెద్ద ప్రమాదాలేవీ కనబడలేదు. కానీ వున్నది 60 మంది చొప్పునే. అమెరికా మూత్రావయవ నిపుణుల సంఘం 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లో దీన్ని ప్రయోగదశలో వున్న చికిత్సగానే పేర్కొన్నది. ప్రయోగదశలో వున్నదాన్ని నూటికి నూరుపాళ్ళు గ్యారంటీ అని అమ్మటం న్యాయం కాదు. మన దేశంలో లైంగిక సామర్థ్యాన్ని పెంచుతామని మందులను ప్రకటించటం 1954 నాటి చట్టం ప్రకారమే నేరం. అయినా "ఫలానా తేదీన ఫలానా లాడ్జిలో మగవారి సమస్యలకు చికిత్స" అని గోడల మీద రాసిన రాతలు మనమంతా చూసినవే. ఇప్పుడు ఆ గోడ ఫోనులోకి వచ్చింది.

అంగంలో ఇంజక్షను చేయటం అనేదే తప్పని కూడా అనుకోవద్దు. 1980ల నుంచీ డాక్టర్లు కొన్ని మందులను అంగంలోకి ఇచ్చి స్తంభన కలిగిస్తున్నారు. బిళ్ళలు పనిచేయనివారికి నిపుణులు నేటికీ ఆ పద్ధతి నేర్పుతారు. దానికి రుజువు వుంది. ప్లాస్మాకు ఇంకా సరిపడా రుజువు లేదు. తేడా అదే.

అందుచేత మిగతా రెండు ఇంజక్షన్లకు అప్పు చేయవద్దు, మరో గేదెను అమ్మవద్దు. రెండోది చేయించుకోనంత మాత్రాన మొదటిది వికటిస్తుందని ఎవరన్నా భయపెడితే నమ్మవద్దు.

అంగం ఇచ్చే ముందస్తు హెచ్చరిక

అంగంలో స్పంజి లాంటి రెండు గొట్టపు భాగాలుంటాయి. కోరిక కలిగినప్పుడు నరాల నుంచి కబురు వచ్చి, నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు పుట్టి, రక్తనాళాలు సడలి, ఆ స్పంజి రక్తంతో నిండుతుంది. ఈ వాయువు శరీరంలో చేసే పనిని కనిపెట్టిన ముగ్గురు శాస్త్రజ్ఞులకు 1998లో నోబెల్ బహుమతి ఇచ్చారు. షుగరు, బి.పి., కొవ్వు, పొగాకు ఈ నాలుగూ రక్తనాళాల లోపలి పొరను చెడగొడతాయి. అప్పుడు ఆ వాయువు తగ్గుతుంది, నాళం ఇరుకవుతుంది.

అంగానికి వెళ్ళే ధమని ఒకటి రెండు మిల్లీమీటర్ల సన్ననిది. గుండె ధమని మూడు నాలుగు మిల్లీమీటర్లుంటుంది. పొలానికి నీరు తగ్గితే ముందు ఎండేది చివరి పిల్లకాలవ. అలాగే ముందుగా దెబ్బ కనిపించేది అంగంలో, ఆ తరువాత గుండెలో. చాలామందిలో ఈ రెంటికీ మధ్య రెండు నుంచి అయిదేళ్ళ వ్యవధి వుంటున్నట్లు గమనించారు. ఈ వ్యవధే మనకు దొరికిన అవకాశం. ఆ సమయంలో సరైన పరీక్షలు చేయించుకుంటే గుండెపోటును తప్పించుకోవచ్చు. పిల్లకాలవలో ఏదో పోసి ఊరుకుంటే పెద్ద కాలవ సంగతి చూసేదెవరు?

ముందు చేయవలసినవి

షుగరు బిళ్ళలు మగతనాన్ని పోగొడతాయన్నది ఉత్త అపోహ. పోగొట్టేది అదుపులో లేని షుగరు. మానేసిన బిళ్ళలు డాక్టరును అడిగి మళ్ళీ మొదలుపెట్టండి. బి.పి., పరగడుపు షుగరు, మూడు నెలల సగటు చెప్పే హెచ్.బి.ఎ.1సి., రక్తంలో కొవ్వు, ఇ.సి.జి., ఉదయం పూట తీసిన రక్తంలో టెస్టోస్టిరోన్ – ఈ పరీక్షలు చాలు. వీటన్నిటి ఖర్చూ కలిపినా ఒక ప్లాస్మా ఇంజక్షను ఖరీదుకు చాలా తక్కువ. కొన్ని ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. కొన్ని బి.పి. మందులూ, మానసిక వ్యాధుల మందులూ స్తంభనను తగ్గిస్తాయి. అలాంటి అనుమానం వుంటే డాక్టరు మందు మారుస్తారు. మీరు మానకండి.

తెల్లవారుజామున అంగం దానంతట అదే గట్టిపడుతుంటే నాళాలు చాలావరకు బాగున్నట్లే. అప్పుడు బెంగ, అప్పుల దిగులు, భార్యాభర్తల మధ్య మనస్పర్ధ కారణమేమో చూడాలి.

సిగరెట్టు, బీడీ, చుట్ట, ఖైనీ – అన్నీ మానాలి. పొగాకు పండించే సీమలో ఈ మాట కష్టంగానే వుంటుంది, కానీ తప్పదు. గుండె పరీక్షలయ్యాక డాక్టరు సరేనంటే రోజూ ముప్ఫై, నలభై నిమిషాలు చురుకుగా నడవండి. పొలంలో తిరిగేదే చాలదా అంటారు. ఆగి ఆగి తిరగటం వేరు, ఆగకుండా నడవటం వేరు. అన్నం తగ్గించి పప్పు, కూరలు పెంచండి. ఇటలీలో స్తంభన తగ్గిన స్థూలకాయులు 110 మంది మీద చేసిన పరిశోధన 2004లో వెలువడింది. రెండేళ్ళ పాటు ఆహారం, వ్యాయామం పట్టుదలగా పాటించినవారిలో నూటికి 31 మంది ఏ మందూ లేకుండా మామూలు స్థితికి వచ్చారు. మామూలు సలహాలతో సరిపెట్టినవారిలో అలా వచ్చినవారు నూటికి అయిదుగురే.

సిల్డెనాఫిల్, టడాలఫిల్ బిళ్ళలు 1998 తరువాత వచ్చినవి. బాగా పనిచేస్తాయి. కానీ ఛాతీనొప్పి వున్నవారు గుండె పరీక్ష కాకుండా వేసుకోరాదు. నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ లాంటి నైట్రేట్ మందులతో ఇవి కలిస్తే బి.పి. ఒక్కసారిగా పడిపోయి ప్రాణం పోవచ్చు. మందుల షాపులో అడిగి సొంతంగా వేసుకోకండి. ఒకవేళ వేసుకున్నాక ఛాతీనొప్పి వస్తే ఆ సంగతి ఆసుపత్రిలో దాచకండి. వాజీకరణ చూర్ణాలని అమ్మే కొన్నిటిలో ఇవే బిళ్ళలు పొడిచేసి కలుపుతుంటారు, జాగ్రత్త.

ఇల్లాలికి ఒక మాట

ఈ శీర్షికను స్త్రీలు కూడా చదువుతారని నాకు తెలుసు. మీవారు దూరం దూరంగా వుంటే "నామీద మోజు తగ్గింది" అనో, "ఇంకెక్కడో సంబంధం వుంది" అనో తొందరపడకండి. ఈ వయస్సులో చాలాసార్లు అది షుగరు పని. భర్తలకు కూడా చెప్పేదొకటుంది. గేదె పాకలో లేకపోతే ఇల్లాలు అడగదా? ఎంతకాలం దాస్తారు? డబ్బు సంగతి, జబ్బు సంగతి ఆవిడకు చెప్పండి. డాక్టరు దగ్గరకు ఇద్దరూ కలిసి వచ్చిన కేసుల్లో సగం బెంగ అక్కడే తీరిపోవటం మేము రోజూ చూస్తున్నాం. ఇంకోమాట, దాంపత్యమంటే స్తంభన ఒక్కటే కాదు. ఈ నెలల్లో ఒకరికొకరు దగ్గరగా వుండటానికి ఏ ఇంజక్షనూ అక్కర్లేదు.

ఈ విషయమై రాయదలచినవారు పేరు రాయనక్కర్లేదు. వయస్సు, వున్న జబ్బులు, వాడుతున్న మందులు, పొగాకు అలవాటు మాత్రం తప్పక రాయండి. ఛాతీనొప్పి, జ్వరం, చీము వున్నవారు ఉత్తరం రాస్తూ కూర్చోవద్దు. ముందు ఆసుపత్రికి వెళ్ళండి.